‘గ్యాస్’ అనే మాటా, గులాబీ రంగు మందూ

కొందరికి కటువుగా తోచినా చెప్పక తప్పదు. తెలుగువాడి ఆరోగ్యానికి ‘గ్యాస్’ అనే ఒక్క మాట చేస్తున్న చేటు అంతా ఇంతా కాదు. మన పెద్దలకు అజీర్తి వేరు, పులితేన్పు వేరు, కడుపుబ్బరం వేరు, గుండెమంట వేరు, గుండెపోటు వేరు. మనం అన్నిటినీ ఒకే గంపలో పోసి, అన్నిటికీ ఆ గులాబీ రంగు చిక్కని మందునే తాగుతున్నాం. అడిగితే “చలవ మందండీ, ఏమీ చేయదు” అంటారు. ఏమీ చేయనిది మంటను మాత్రం ఎలా చల్లార్చింది?

పరభాషాపదం మీద పంతులుగారి అలక అని నవ్వేవారికి ఒక మాట. బస్సు, రోడ్డు నేనూ అంటాను. అవి ఒక్కొక్క వస్తువునే చెబుతాయి. ‘గ్యాస్’ అయిదు వ్యాధులను దాచిపెడుతుంది.

జెలుసిల్, డైజీన్ వంటి మందులలో ప్రధానమైనవి అల్యూమినియం హైడ్రాక్సైడు, మెగ్నీషియం హైడ్రాక్సైడు. ఈ క్షారాలు జఠరంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడిని విరుస్తాయి. మొదటిది మలబద్ధకం కలిగిస్తుంది, రెండవది విరేచనం. అందుకే ఒకే సీసాలో ఈ వియ్యం. నిజంగా ‘గ్యాస్’ అనదగిన బుడగలను విడగొట్టే సిమెథికోన్ అందులో స్వల్పభాగమే. పరగడుపున తాగితే గుణం సుమారు అరగంట నిలుస్తుంది. భోజనమైన గంటకు తాగితే రెండు మూడు గంటలు. మనవారిలో చాలామంది లేస్తూనే తాగుతారు!

అసలు భయం అల్యూమినియంతో. అది పేగులో ఫాస్ఫేటును పట్టేస్తుంది. నెలల తరబడి ఎక్కువగా తాగితే ఎముకలు మెత్తబడవచ్చు. రక్తంలోకి ఇంకిన కొద్దిపాటి అల్యూమినియాన్ని బయటికి పంపవలసినవి మూత్రపిండాలే. అవి చెడితే అది ఎముకలలో, మెదడులో పేరుకుంటుంది. 1970లలో డయాలిసిస్ రోగులు కొందరు మాట తడబడి, మతి చెడి మరణించారు. డయాలిసిస్ నీటిలోని అల్యూమినియం ఒక కారణమైతే, ఫాస్ఫేటు తగ్గించడానికి వారు మింగిన ఈ హైడ్రాక్సైడే మరొకటి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో మూత్రపిండాల జబ్బు ఉన్నదో మనకు తెలియనిది కాదు. అటువంటి ఇంట్లో ఈ మందును “ఏమీ చేయదు” అంటూ అందించడం అజ్ఞానం కాదు, అపచారం. పైగా మందు తాగి, వెంటనే నిమ్మరసం కూడానా! నిమ్మలోని సిట్రేటు అల్యూమినియాన్ని రక్తంలోకి మరింతగా ఎక్కిస్తుంది.

థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునేవారు కూడా జాగ్రత్తపడాలి. వీటితో కలిపి తాగితే ఆ మందులు ఒంటికి సరిగా పట్టవు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. తక్కినవాటి సంగతి వైద్యుణ్ణి అడగండి.

రెండు వారాలు తాగినా మంట తగ్గకపోయినా, మింగుడుపడకపోయినా, బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వచ్చినా సీసాను పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం కక్కుకుంటే క్షణం ఆగకూడదు. ఛాతీ బిగిసి, చెమటలు పట్టి, నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతుంటే గ్యాసేలే అని మూత తిప్పుతూ కూర్చోక 108కి ఫోన్ చేయండి. వైద్యుని ఎదుట ‘గ్యాసండీ’ అని ఊరుకోవద్దు. మంటో పోటో, ఎక్కడో, తిన్నాకో తినకముందో తెలుగులో విడమరచి చెప్పండి. ఆ మాటలింకా మన నిఘంటువులలో ఉన్నాయి.