రహదారికి నిధులున్నాయి, మరమ్మతుకు లేవు

కేరళలోని త్రిచూర్ జిల్లా పాలియెక్కర వద్ద టోల్ వసూలును నాలుగు వారాలపాటు నిలిపివేయాలని ఆ రాష్ట్ర హైకోర్టు 2025 ఆగస్టు 6న ఆదేశించింది. 544వ నెంబరు జాతీయ రహదారిలో ఎడప్పల్లి, మన్నుత్తిల మధ్య ఒకవైపు నిర్మాణ పనులు, మరోవైపు గుంతలు పడిన సర్వీసు రోడ్లు. వాహనాలు గంటల తరబడి నిలిచిపోతున్న దారిలో ప్రయాణికుల నుంచి రుసుము ఎలా వసూలు చేస్తారన్నది హైకోర్టు వేసిన ప్రశ్న. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. అక్కడా చుక్కెదురైంది. అక్టోబరులో వసూళ్లకు హైకోర్టు తిరిగి అనుమతి ఇచ్చినా, ఆ రెండు నెలల్లో ఒక మౌలికమైన విషయం చర్చకు వచ్చింది.

టోల్ అనేది పన్ను కాదు, రుసుము. పన్నుకు ప్రతిఫలం చూపనవసరం లేదు. రుసుముకు చూపాలి. నడవడానికి వీలైన రోడ్డును ఇవ్వడం ఆ ప్రతిఫలం. ఈ తేడాను ప్రభుత్వాలు కాగితం మీద ఒప్పుకుంటాయి గానీ, బడ్జెట్ పద్దుల్లో మాత్రం అది కనబడదు. మన దేశంలో కొత్త రహదారులు వేయడానికి సమకూర్చుతున్న డబ్బుకూ, వేసిన రహదారిని కాపాడుకోవడానికి ఇస్తున్న డబ్బుకూ మధ్య ఉన్న అంతరం విస్మయం కలిగిస్తుంది.

వాహనదారుడి నుంచి రోడ్ల కోసం డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. 1927లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన జయకర్ కమిటీ, రోడ్ల అభివృద్ధి భారాన్ని రాష్ట్రాలు మాత్రమే మోయలేవని తేల్చింది. ఆ సిఫార్సు మేరకు పెట్రోలుపై అదనపు సుంకం విధించి, 1929లో కేంద్ర రహదారి నిధిని ఏర్పాటు చేశారు. 1956లో జాతీయ రహదారుల చట్టం, 1988లో ప్రాధికార సంస్థ చట్టం వచ్చాయి. సంస్థ నిజంగా పని ప్రారంభించింది 1995లో. అప్పటికి మన జాతీయ రహదారులలో అధికభాగం రెండు వరుసల రోడ్లే. ఎదురుగా లారీ వస్తే బస్సు గట్టు దిగవలసిన ఒంటి వరుస రోడ్లకు కూడా జాతీయ రహదారి అన్న పేరు ఉండేది.

వాజపేయి ప్రభుత్వం 1998లో పెట్రోలుపై, 1999లో డీజిలుపై లీటరుకు రూపాయి చొప్పున సెస్సు విధించింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజికి ఊపిరి పోసింది ఈ రూపాయే. 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టం ఆ డబ్బును జాతీయ రహదారులకు, రాష్ట్ర రహదారులకు, గ్రామీణ రోడ్లకు, రైల్వే వంతెనలకు పంచింది. జనం నొచ్చుకోకుండా చెల్లించారు. ఎందుకంటే చెల్లించిన రూపాయి ఎక్కడికి పోతున్నదో కళ్లెదుట కనిపించింది.

తరువాత ఆ స్పష్టత క్రమంగా మసకబారింది. 2018 బడ్జెట్లో ఎక్సయిజు సుంకాన్ని తగ్గించి, సెస్సును లీటరుకు 8 రూపాయలు చేశారు. వినియోగదారుడికి ధర మారలేదు. మారింది రాష్ట్రాల వాటా. ఎక్సయిజు సుంకంలో రాష్ట్రాలకు పంపకం ఉంటుంది, సెస్సులో ఉండదు. పైగా నిధి పేరుకు ‘మౌలిక సదుపాయాలు’ అన్న మాట జోడించి, రోడ్లు కాని వాటికీ దాన్ని మళ్లించే వెసులుబాటు కల్పించారు. రహదారి పేరుతో వసూలైన ప్రతి రూపాయీ రహదారికే చేరుతున్నదని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సెస్సు చాలని చోట ప్రైవేటు పెట్టుబడి ఆదుకుంటుందని భావించారు. కట్టు, నడుపు, అప్పగించు పద్ధతిలో కంపెనీలు రోడ్డు వేసి, ఇరవై, ఇరవై ఐదేళ్లపాటు టోల్ వసూలు చేసుకుంటాయి. రాకపోకల అంచనాలను ఆకాశానికెత్తి టెండర్లు దక్కించుకున్న సంస్థలు 2011 తరువాత ఒక్కొక్కటిగా చతికిలబడ్డాయి. వాటికి అప్పులిచ్చిన ప్రభుత్వ బ్యాంకుల ఖాతాలు మొండి బకాయిలతో నిండాయి. కొత్త ప్రాజెక్టులకు టెండరు వేసేవారే కరవయ్యారు. అందుకే 2016లో మిశ్రమ వార్షిక చెల్లింపు విధానాన్ని తెచ్చారు. ఇందులో నిర్మాణ వ్యయంలో 40 శాతాన్ని పని జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది. మిగిలిన 60 శాతాన్ని గుత్తేదారు సమకూర్చుకుంటే, దానిని 15 ఏళ్లపాటు వాయిదాలలో వడ్డీతో తీరుస్తుంది. రాకపోకలు తగ్గితే వచ్చే నష్టం కంపెనీది కాదు, ఖజానాది.

ఇదే సమయంలో 2013 నాటి భూసేకరణ చట్టం 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తించింది. గ్రామీణ ప్రాంతాలలో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల వరకు పరిహారం చెల్లించవలసి వచ్చింది. రైతుకు దక్కవలసిన న్యాయమే అది. జాతీయ రహదారుల చట్టం కింద భూమి కోల్పోయినవారికీ అదనపు పరిహారం, వడ్డీ ఇవ్వాలని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన తరువాత పాత బకాయిలు కూడా నెత్తిన పడ్డాయి. ఈ భారమంతా ప్రాధికార సంస్థ అప్పుచేసి మోసింది. 2015 ప్రాంతంలో పాతిక వేల కోట్ల చుట్టూ ఉన్న దాని అప్పు 2022 మార్చి నాటికి సుమారు 3.48 లక్షల కోట్ల రూపాయలకు చేరింది.

ఆ స్థితిలో కేంద్రం చేసింది వివేకవంతమైన పనే. 2022-23 బడ్జెట్ నుంచి సంస్థ మార్కెట్లో కొత్త అప్పులు చేయడాన్ని ఆపి, దాని అవసరాలను నేరుగా ఖజానా నుంచి భరించడం మొదలుపెట్టింది. ఆ ఒక్క ఏడాదిలో సంస్థకు కేటాయింపు 57 వేల కోట్ల స్థాయి నుంచి 1.34 లక్షల కోట్లకు ఎగబాకింది. 2025-26లో అది 1.70 లక్షల కోట్లు. రహదారుల మంత్రిత్వ శాఖ మొత్తం కేటాయింపు 2.87 లక్షల కోట్లు. అప్పు సంస్థ ఖాతాలో కనిపించకపోవచ్చు గానీ, ప్రభుత్వ ద్రవ్యలోటులో అది ఉండనే ఉంది. వేరే సంచీలోకి మారినంత మాత్రాన బరువు తగ్గదు.

సిద్ధమైన రోడ్లను అమ్మి సొమ్ము చేసుకునే మార్గాలూ తెరిచారు. టోల్ వసూలు హక్కును ఏకమొత్తానికి ముప్పై ఏళ్లకు అప్పగించే విధానంలో తొలి బేరం 2018లో కుదిరింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రహదారి భాగాలకు ఆస్ట్రేలియా సంస్థ మెక్వారీ 9,681 కోట్ల రూపాయలు చెల్లించింది. ప్రజాధనంతో వేసిన దారిపై వచ్చే ముప్పై ఏళ్ల ఆదాయం ఒకేసారి చేతికి వచ్చింది. దానితో మరో చోట మరో రోడ్డు వేశారు.

ఇంతకీ మరమ్మతు సంగతి ఏమిటి? 2014లో 91 వేల కిలోమీటర్లుగా ఉన్న జాతీయ రహదారులు ఇప్పుడు 1.46 లక్షల కిలోమీటర్లు. పెరిగిన దానిలో కొంత కొత్త నిర్మాణమైతే, చాలా భాగం రాష్ట్ర రహదారులకు పేరు మార్చినదే. టోల్ ఒప్పందాల కిందనో, వాయిదా చెల్లింపుల కిందనో ఉన్న రోడ్లను గుత్తేదారే బాగుచేయాలి. గుత్తకు వేయించిన తారు రోడ్లకు ఐదేళ్లు, కాంక్రీటు రోడ్లకు పదేళ్లు లోపాల పూచీ ఉంటుంది. ఈ రెండింటికీ చెందని వేల కిలోమీటర్లకు దిక్కు మంత్రిత్వ శాఖ మరమ్మతు పద్దు ఒక్కటే. గత కొన్నేళ్లుగా అది రెండున్నర వేల కోట్ల చుట్టూ తిరుగుతున్నది. మొత్తం కేటాయింపులో ఒక శాతం. వార్షిక బడ్జెట్లో పది శాతాన్ని నిర్వహణకు విడిగా ఉంచాలని నీతి ఆయోగ్ 2018లోనే సూచించింది. సూచన సూచనగానే మిగిలింది.

రోడ్డు ఒక్కరోజులో పాడు కాదు. మొదట సన్నని పగుళ్లు వస్తాయి. మురుగు కాల్వ పూడిపోతే వాననీరు ఆ పగుళ్లలోకి దిగి, కింది కంకర పొరను కదుపుతుంది. లారీ చక్రం ఆ నీటిని పంపులా పైకి తంతుంది. ఒకటి రెండు వానాకాలాలలో పగులు గుంత అవుతుంది. పగులు దశలోనే పూత వేస్తే తక్కువ ఖర్చుతో పోయేది, పునాది కదిలిన తరువాత రోడ్డంతా తవ్వి వేయవలసి వస్తుంది. ఏ జిల్లా ఇంజనీరును అడిగినా ఈ మాటే చెబుతాడు. ఆయన చేతిలో డబ్బు ఉండేది మాత్రం గుంత పడిన తరువాతే.

దీనికి తోడు, కేంద్రం 2018 జూలైలో లారీల బరువు పరిమితిని పెంచింది. రెండు ఇరుసుల లారీకి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, నాలుగు చక్రాల వెనుక ఇరుసుపై భారం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెరిగింది. రవాణా ఖర్చు తగ్గుతుందన్న వాదన సమంజసమే. అయితే ఇరుసు బరువు పెరిగిన నిష్పత్తిలోనే నష్టం పెరగదు. అది సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్నది ఇంజనీర్ల లెక్క. ఆ ప్రకారం 13 శాతం అదనపు భారం రోడ్డుకు 60 శాతం అదనపు నష్టం. పాత పరిమితికి రూపొందించిన రోడ్లపై ఈ భారాన్ని అనుమతించినప్పుడు మరమ్మతు పద్దు ఆ మేరకు పెరగాలి కదా? పెరగలేదు.

నియంత్రణ విషయానికి వస్తే పరిస్థితి మరింత విచిత్రంగా ఉంది. టెండరు పిలిచేదీ, పనిని పర్యవేక్షించే కన్సల్టెంట్లను నియమించేదీ, టోల్ వసూలు చేసేదీ, వివాదం వస్తే ప్రతివాదిగా నిలిచేదీ ప్రాధికార సంస్థే. విద్యుత్తుకు, టెలిఫోన్లకు స్వతంత్ర నియంత్రణ సంస్థలున్నాయి. రోడ్లకు లేదు. ఇటువంటి రంగాలకు స్వతంత్ర నియంత్రణ అవసరమని విజయ్ కేల్కర్ కమిటీ 2015లో చెప్పింది. బీహారులో స్వర్ణ చతుర్భుజి పనులను అనర్హులైన చిన్న గుత్తేదార్లకు అప్పగిస్తున్నారని ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన యువ ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యాడు. దోపిడి దొంగల పనేనని 2010లో న్యాయస్థానం శిక్షలు విధించింది. ఆయన లేఖలో ఎత్తిచూపిన ఉప గుత్తల రోగం మాత్రం నేటికీ నయం కాలేదు.

2025 మే 19న కేరళ మలప్పురం జిల్లా కూరియాడ్ వద్ద నిర్మాణంలో ఉన్న 66వ నెంబరు రహదారి కట్ట కుప్పకూలింది. వరిపొలాల మెత్తని నేలపై ఎత్తయిన మట్టికట్ట నిలవదన్న సంగతి ముందే గ్రహించవలసింది. గుత్తేదారు సంస్థను, కన్సల్టెంటును కొత్త టెండర్లకు దూరం పెట్టారు. నమూనాను ఆమోదించినవారి సంగతి అంతగా చర్చకు రాలేదు.

అంచనాల తీరు సైతం అంతే. 2017లో ఆమోదించిన భారత్‌మాల మొదటి దశ 34,800 కిలోమీటర్లకు 5.35 లక్షల కోట్లు చాలునన్నారు, 2022 నాటికి పూర్తి చేస్తామన్నారు. 2023 మార్చి నాటికి పూర్తయింది 13,499 కిలోమీటర్లే. 26,316 కిలోమీటర్లకు మంజూరు చేసిన ఖర్చే 8.46 లక్షల కోట్లు దాటిందని కాగ్ నివేదిక తెలిపింది. ద్వారకా ఎక్స్‌ప్రెస్ వేకు కిలోమీటరుకు 18.20 కోట్లు అనుకున్నది 250.77 కోట్లయిందన్న ఆ నివేదికపై మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. సొరంగాలు, ఎత్తయిన వంతెనలున్న దారిని మామూలు రోడ్డుతో పోల్చరాదన్నది దాని వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ దారికి వంతెనలు కావాలని అంచనా వేసిన నాడు తెలియదా?

వాహనదారుడి వైపు నుంచి చూద్దాం. 2008 నాటి రుసుము నిబంధనలు కారుకు కిలోమీటరుకు 65 పైసలు మూలధరగా పెట్టి, ఏటా మూడు శాతం, దానిపై టోకు ధరల పెరుగుదలలో 40 శాతం కలిపేలా రూపొందాయి. రోడ్డు బాగున్నా, పాడైనా ఏప్రిల్ ఒకటిన రేటు పెరుగుతుంది. ప్రభుత్వ ధనంతో వేసిన రోడ్డుపై పెట్టుబడి తిరిగి వచ్చాక రుసుమును 40 శాతానికి తగ్గించాలన్న నియమం మొదట్లో ఉండేది. 2023 సవరణతో అదీ పోయింది. 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయల వార్షిక పాసుతో సొంత కారు యజమానికి 200 ప్రయాణాల వెసులుబాటు కలిగింది. సంతోషమే. బస్సులో పోయే సామాన్యుడికీ, లారీలో మిర్చి పంపే రైతుకూ ఆ పాసు లేదు. టోల్ టిక్కెట్టు ధరలోనో, కిరాయిలోనో కలిసి వారికి చేరుతుంది.

తెలుగువారికి బాగా పరిచయమైన ఉదాహరణ హైదరాబాద్-విజయవాడ రహదారి. పాత తొమ్మిదో నెంబరు రోడ్డు, ఇప్పటి 65. ప్రైవేటు పెట్టుబడితో 2012 నాటికి నాలుగు వరుసలైంది. రాష్ట్ర విభజన తరువాత వాహనాలు తగ్గి నష్టపోయామంటూ నిర్వాహక సంస్థ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. చివరకు గడువుకు ముందే వైదొలగింది. 2024 జూలై 1 నుంచి టోల్ వసూలు, నిర్వహణ రెండూ ప్రాధికార సంస్థ చేతికి వచ్చాయి. ప్రమాదాలు తరచుగా జరిగే కూడళ్ల వద్ద అండర్‌పాస్‌ల పనులను, ఇన్నాళ్లూ కంపెనీ బాధ్యతగా ఉన్న తారు పూతలను ఇక ప్రజల డబ్బుతోనే చేయించాలి. దేశవ్యాప్తంగా 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 61,038 మంది జాతీయ రహదారులపైనే ప్రాణాలు కోల్పోయారని తలచుకుంటే, ఆ కూడళ్ల పని ఎంత అత్యవసరమో తెలుస్తుంది. ఈ దారిని ఆరు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన ముందుకు వచ్చింది. దానికి వేల కోట్లు దొరకవచ్చు. ఆలోగా పాత నాలుగు వరుసలపై పడే ప్రతి గుంతా ప్రాధికార సంస్థ పద్దులోనిదే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలలో వసూలు మాత్రం చేతులు మారిన నాడు సైతం ఒక్క పూట ఆగలేదు.