కొండదారిలో తలదాచుకునే చోటు

వాన వెలిసిన రోజున అనకాపల్లి దగ్గర శారదా నది గట్టు ఎక్కితే మాడుగుల కొండలు నీలంగా కనబడతాయి. మన చెరకు మళ్ళకు నీరిచ్చే శారద పుట్టింది అక్కడే. చోడవరం, వడ్డాది, మాడుగుల దాటి (హల్వా కొనకుండా దాటినవారు తక్కువే!) ఘాటురోడ్డెక్కితే పాడేరు. 2022లో జిల్లాలు విడిపోయాక అది అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఈ కొండల్లో ఆర్మకొండ 1680 మీటర్లు, జింధగడ 1690 మీటర్లు. ఇక్కడి రాతికి ఖొండలైటు అని పేరు. కొండమీద కాపురముండే ఖోందు జనుల పేరే దానికి పెట్టారు.

ఒకసారి మేము సూర్యోదయం చూడడానికి వంజంగి కొండ ఎక్కాము. మావంటివారికి అక్కడ అద్దె గుడారాలున్నాయి. దిగేటప్పుడు వాన పట్టుకుంటే రోడ్డు పక్క టీకొట్టు పంచన నిలబడ్డాము. ఇంతలో నలుగురు కుర్రవాళ్ళు డోలీ మోసుకొచ్చారు. అందులో నిండు గర్భిణి. ఆమె మీద తడిసిన దుప్పటి.

"కాస్త టీ తాగండి, బాబూ" అన్నాము.

"వద్దండి, బండి ఎల్లిపోద్ది."

"దారిలో ఎక్కడైనా ఆగారా?"

"ఎక్కడాగుతామండీ? చెట్టు కిందే."

ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల్లో గ్రేట్ సెయింట్ బెర్నార్డు కనుమ ఎత్తు 2469 మీటర్లు. అక్కడ 11వ శతాబ్దంలోనే సన్యాసులు బాటసారులకు సత్రం కట్టారు. మంచులో దారి తప్పినవారిని వెదికే పెద్ద కుక్కలు తరువాతి కాలంలో అక్కడివే. 1863లో ఏర్పడిన స్విట్జర్లాండు పర్వతారోహకుల సంఘానికి నేడు నూట యాభైకి పైగా బసలున్నాయి. చలికాలంలో కాపలాదారు దిగిపోయినా చాలా బసల్లో ఒక గది తాళం వేయకుండా ఉంచుతారు. పడకలు, దుప్పట్లు, పొయ్యి, కట్టెలు అందులో ఉంటాయి. వచ్చినవాడు వాడుకుని, డబ్బు పెట్టెలో వేసి పోతాడు.

మన కొండల్లోనూ దొరలకాలంలో ముసాఫిరు బంగళాలు కట్టారు గాని, అవి ఎక్కువగా అధికారుల బసకే.

సాలూరులో 2018లో మొదలైన గర్భిణుల వసతి గృహం మాత్రం మాకు నచ్చింది. రోడ్డులేని ఊళ్ళ స్త్రీలు కాన్పుకు కొన్ని వారాల ముందే దిగివచ్చి అక్కడ ఉంటారు. భోజనం, వైద్య పరీక్షలు అక్కడే. అయితే నెలలు నిండకముందే నొప్పులొచ్చినా, పాము కరిచినా, జ్వరం ముదిరినా మళ్ళీ డోలీయే గదా! సగం దారిలో నాలుగు గోడలు, రేకుల కప్పు, డోలీ దింపడానికి ఒక అరుగు, ఎండుకట్టెలు, నీళ్ళకుండ ఉంటే చాలును.

ఏజెన్సీ అంచున ఉన్న మా పాఠకులారా, మీ పై ఊరినుండి రోడ్డుకు వచ్చే కాలిబాటలో అటువంటి నీడ ఏదైనా ఉందా? ఎంత దూరానికి ఉంది? మాకు ఒక కార్డు రాయండి.