పడమటి గాలి

ఆషాఢంలో కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో నిలబడితే పడమటి గాలి భుజాన కండువా నిలవనివ్వదు. నెత్తిన మబ్బులు బారులు తీరి తూర్పుకు సాగిపోతుంటాయి. ‘ఈ గాలి తగ్గితేనే వాన’ అంటాడు విత్తనం వేసుకున్న రైతు. గాలి తగ్గదు, మబ్బు ఆగదు.

పాపం, గాలిని మాత్రం ఏమనగలం? అరేబియా సముద్రం మీద నిండుగానే బయలుదేరింది. పడమటి కనుమలు ఎక్కుతూ చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లు చాలావరకు అక్కడే దించేసింది. కనుమల్లోని ఆగుంబెలో ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, కర్నూలు వైపు సగటున 700 లోపే. సంత నుంచి వస్తూ దారిపొడవునా అందరికీ పంచేసి, మనవళ్ల దగ్గరికి ఉత్త సంచితో చేరిన తాత లాంటిది ఈ గాలి.

అసలు మన అదృష్టం కూడా గాలి తిప్పినదే. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల పొడిపొడిగా కిందికి దిగుతుంది. సహారా అలా ఎండిన నేలే. మనం 16 డిగ్రీల దగ్గర ఉన్నాం. వేసవిలో కాగిన ఆసియా నేల సముద్రపు గాలిని తనవైపు లాక్కోకపోతే మనకు ఆ నాలుగు జొన్నలు, కొర్రలు కూడా దక్కేవి కావు.

ఆ లాగుడు సడలిన ఏళ్లూ ఉన్నాయి. 1876లో వానలు మొహం చాటేస్తే కర్నూలు, కడప, బళ్లారి సీమల్లో జనం లక్షల్లో రాలిపోయారు. దాన్ని ధాత కరువన్నారు. ధాత ఆ ఏటి పేరు. నింద వేయడానికి పంచాంగంలోని ఏడాది తప్ప ఇంకెవరు దొరికారు గనక! తర్వాత 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ దేశదేశాల లెక్కలు ముందేసుకు కూర్చున్నాడు. పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందనీ, అది తారుమారైతే మన వానలకు ఎసరు వస్తుందనీ గమనించాడు. పెరూ వైపు పసిఫిక్ నీళ్లు వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు; 1877 నాటి ఎల్‌నినోకూ ఆ ధాత కరువుకూ చుట్టరికం ఉందని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతారు. ఎక్కడి పెరూ తీరం, ఎక్కడి ఓర్వకల్లు గాదె!

కనుమల మీద దించేసిన నీళ్లు ఊరికే పోవు. వానాకాలం ముదిరేసరికి తుంగభద్రై కర్నూలు పక్క నుంచే పారతాయి. ఓర్వకల్లు మెట్ట చేలకు మాత్రం ఆ ఏరు పల్లంలో ఉంది.