కషాయం కాచే మనిషికి జలుబు చేస్తే?

చలికాలం వచ్చిందంటే మన స్టవ్‌ల మీద ఒక గిన్నె ఎప్పుడూ మరుగుతూనే ఉంటుంది కదండీ. ఒకరికి తుమ్ములు, ఒకరికి గొంతు గరగర, ఏమీ లేనివాళ్ళకి కూడా "నాకో అరగ్లాసు".

ఇప్పుడు కషాయం అంటే పిల్లలు మొహం తిప్పేస్తున్నారు, అదే "ఫ్రూట్ టీ" అంటే కప్పు పట్టుకొస్తున్నారు. షాపుల్లో దొరికే ఎర్రటి ఫ్రూట్ టీ పెట్టె ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. బొమ్మ స్ట్రాబెర్రీది, లోపల చాలావాటిలో ఎక్కువగా ఉండేది హైబిస్కస్. అది పరాయిదేం కాదు, మన గోంగూర మొక్కే! కాయని చుట్టి ఉండే ఎర్రటి పుల్లని తొడుగుని ఎండబెట్టి అమ్ముతారు. పచ్చడి మొక్కకి అంత ధర పెట్టడం నాకైతే మనసొప్పదు.

నేను కాచేది ఇది. మూడు గ్లాసుల నీళ్ళలో దంచిన అల్లం ముక్క, నాలుగు మిరియాలు, చిన్న దాల్చినచెక్క, సగం యాపిల్ ముక్కలు, బాగా కడిగిన కమలాపండు తొక్క కొంచెం. పది నిమిషాలు సన్న మంట మీద మరిగాక దించి, తులసి ఆకులు వేసి మూతపెట్టాలి. నిమ్మరసం, తేనె మాత్రం గోరువెచ్చగా అయ్యాకే. మరిగే నీళ్ళలో పిండితే నిమ్మకాయలోని సి విటమిన్ కొంత పోతుంది.

అయితే దీన్ని మందు అనకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని ఏ కషాయమూ చంపదు. గొంతుకి హాయి, ఒంట్లోకి నాలుగు నీళ్ళు, అంతే. (ఈ మాట మా అత్తగారి ముందు అనను లెండి.) ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదు, అందులో ఉండే బొట్యులిజం క్రిములు పసివాళ్ళకి ప్రాణం మీదకి తేవచ్చు. బీపీ ఉన్న పెద్దవాళ్ళకి రోజూ అతిమధురం వేసి ఇవ్వొద్దు, అది బీపీ పెంచుతుంది. జ్వరం తగ్గకపోయినా, పిల్లలు ఎగశ్వాస తీస్తున్నా గిన్నె పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

నాకు అసలు బాధ వేరే ఉంది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా కాచేది మనం. మనకి చేస్తే? చీదుకుంటూ లేచి మన కషాయం మనమే కాచుకుంటాం. "నాకు రాదుగా" అంటారు మిగతావాళ్ళు. నీళ్ళు మరిగించడం రాకపోవడమేంటండీ? రాదని కాదు, అది వాళ్ళ పని అనిపించలేదు. అమ్మమ్మ చేతి మహిమ అని మనమూ మురిసిపోయి, ఆ కొలతలు ఆడపిల్లకి చెప్పామే కానీ మగపిల్లాడిని స్టవ్ దగ్గరికి పిలవలేదు.

అందుకే పైన రాసిన కొలతలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి పోపులడబ్బా ఉండే అర తలుపుకి అంటించాను. మొన్న నాకు గొంతు పట్టేసినప్పుడు మావారు అది చూసే కాచి తెచ్చారు. మిరియాలు నాలుక్కి బదులు గుప్పెడు పడ్డట్టున్నాయి, కళ్ళ నీళ్ళొచ్చాయి. ఏమీ అనకుండా ఇంకో అరగ్లాసు అడిగాను.