కాలేజీ నేర్పేదెంత? దారి నేర్పేదెంత?

2025 అక్టోబరులో దిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగిన అంతర్జాతీయ టోర్నీని ఇంగ్లండ్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. అంతకు రెండు నెలల ముందు అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ నెగ్గాడు. అమెరికా పీజీఏ టూర్‌లో అతనికి అదే తొలి టైటిల్. దానికోసం 164 టోర్నీలు ఆడాల్సి వచ్చింది. యూనివర్సిటీకి వెళ్లకుండా 2010లో, పంతొమ్మిదేళ్లకే ప్రొఫెషనల్‌గా మారిన కుర్రాడు అతను.

ఈ రెండు విజయాల మధ్యలో, సెప్టెంబరులో, న్యూయార్క్‌లో రైడర్ కప్ జరిగింది. అమెరికా, యూరప్ జట్లు రెండేళ్లకోసారి తలపడే పోటీ ఇది. యూరప్ 15-13తో గెలిచింది. అయితే అసలు సంగతి ఆ స్కోరు లోపల ఉంది. ఇద్దరిద్దరు జోడీగా ఆడిన మొదటి రెండు రోజుల్లో యూరప్‌కు పదకొండున్నర పాయింట్లు, అమెరికాకు నాలుగున్నర. ఒంటరిగా ఆడిన చివరి రోజున లెక్క తారుమారైంది. అమెరికాకు ఎనిమిదిన్నర, యూరప్‌కు మూడున్నర.

ఇద్దరి ఫలితాలు చూడండి. ప్రపంచ నంబర్ వన్, అమెరికా ఆటగాడు స్కాటీ షెఫ్లర్ జోడీ మ్యాచ్‌లు నాలుగూ ఓడి సింగిల్స్ గెలిచాడు. ఫ్లీట్‌వుడ్ జోడీ మ్యాచ్‌లు నాలుగూ గెలిచి సింగిల్స్ ఓడాడు. షెఫ్లర్ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో ఫైనాన్స్ డిగ్రీ పూర్తి చేసినవాడు. మరి ‘అన్నీ వచ్చిన ఆటగాడు’ అని ఎవరిని అనాలి? మూడు రోజుల ఆటతో రెండు వ్యవస్థల మీద తీర్పు చెప్పలేం కానీ, ఈ ప్రశ్న మాత్రం ఉద్యోగాల వేటలో ఉన్న మీకూ పనికొస్తుంది. ‘ముందు చదువు పూర్తి చేయాలా? వచ్చిన ఉద్యోగంలో చేరి పని నేర్చుకోవాలా?’ అని మీరూ తలపట్టుకునే ఉంటారు కదా!

అమెరికా పద్ధతి: ముందు క్లాస్‌రూమ్

అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్‌కు పెద్ద దర్వాజా యూనివర్సిటీ. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం సీజన్‌లో ఆటకు వారానికి గరిష్ఠంగా 20 గంటలే కేటాయించాలి. మిగతా సమయం చదువుకు. మూడో ఏడాదిలోకి వచ్చేసరికి డిగ్రీలో కనీసం 40 శాతం పూర్తి కావాలి. అంటే ఎంత గొప్పగా ఆడినా బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతే జట్టులో చోటుండదు. పోటీల్లో ఐదుగురు ఆడితే అందులో నలుగురి మంచి స్కోర్లే జట్టు ఖాతాలో పడతాయి. ఒకరికి ఆ రోజు కలిసి రాకపోయినా మిగతావాళ్లు కాపాడతారు.

ఈ పద్ధతిలోని అసలు బలం పడ్డవాడికి లేచే టైమ్ దొరకడం. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ సాహిత్ తీగల. హైదరాబాద్ మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. పెపర్‌డైన్ యూనివర్సిటీలో ఉండగా మణికట్టుకు ఆపరేషన్ జరిగి 2018-19 సీజన్ మొత్తం ఆటకు దూరమయ్యాడు. సంపాదన మీద బతికే ప్రొఫెషనల్‌కు అలాంటి ఏడాది అంటే ఆదాయం ఆగిపోవడమే. సాహిత్‌కు మాత్రం క్లాసులున్నాయి, జట్టు ఉంది. తిరిగొచ్చి 2020లో కాలేజీ గోల్ఫ్‌లో అత్యున్నత అవార్డులు అందుకున్నాడు, స్పోర్ట్స్ అడ్మినిస్ట్రేషన్‌లో డిగ్రీ తీసుకున్నాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ సాధించాడు.

పైగా ఇప్పుడు చదువుకూ ఉద్యోగానికీ నేరుగా వంతెన కట్టారు. 2020లో మొదలైన ‘పీజీఏ టూర్ యూనివర్సిటీ’ ర్యాంకింగ్‌లో చివరి ఏడాది విద్యార్థుల్లో మొదటి స్థానంలో నిలిచినవారికి 2023 నుంచి నేరుగా పీజీఏ టూర్ కార్డు ఇస్తున్నారు. తర్వాతి ర్యాంకర్లకు ఒక మెట్టు కిందనున్న కార్న్ ఫెర్రీ టూర్‌లో చోటు దొరుకుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది క్యాంపస్ ప్లేస్‌మెంటే.

లోటు లేదా? ఉంది. మంచి కోచ్‌లు, ఖరీదైన సదుపాయాలు, చక్కగా కత్తిరించిన మైదానాలు. ఆ తర్వాత చేరే టూర్ కూడా ఎక్కువగా అమెరికాలోనే తిరుగుతుంది. అలవాటైన వాతావరణం, అలవాటైన భాష, అలవాటైన తిండి. అలవాటు లేని చోట ఏం చేస్తాడన్న పరీక్ష ఆలస్యంగా ఎదురవుతుంది.

యూరప్ పద్ధతి: ముందు సూట్‌కేస్

యూరప్ ప్రధాన సర్క్యూట్ డీపీ వరల్డ్ టూర్. పేరుకు యూరప్‌దే కానీ దక్షిణాఫ్రికా, యూఏఈ, కెన్యా, చైనా, భారత్... ఇలా ఒకే సీజన్‌లో ఇరవైకి పైగా దేశాలు తిరుగుతుంది. స్కాట్లాండ్, ఐర్లాండ్ సముద్రతీర మైదానాల్లో గాలి హోరెత్తుతుంది, నేల గట్టిగా ఉంటుంది. అక్కడ బంతిని ఎత్తుగా లేపితే ఎటు పోతుందో తెలియదు, కాబట్టి కిందగా కొట్టడం నేర్చుకోవాలి. ఎత్తైన జొహానెస్‌బర్గ్‌లో అదే దెబ్బకు బంతి ఇంకాస్త దూరం వెళ్తుంది. దిల్లీలో దారి ఇరుకు, రెండు వైపులా దట్టమైన పొదలు. అక్కడ బలం కన్నా గురి ముఖ్యం. నిన్నటి వారం పనిచేసిన ఉపాయం ఈ వారం పనిచేయదు. కొత్త కరెన్సీ, కొత్త భోజనం, కొత్త భాష సరేసరి.

ఇందులోని ప్రమాదమూ చిన్నది కాదు. ప్రొఫెషనల్ గోల్ఫ్‌లో నెల జీతం ఉండదు. సాధారణంగా రెండు రోజుల ఆట తర్వాత ‘కట్’ వేస్తారు. అందులో నిలవకపోతే చేతికి పైసా రాదు, విమానం టికెట్, హోటల్ ఖర్చు మాత్రం మీవే. పద్దెనిమిదేళ్లకే ఈ దారి పట్టి, ఇరవై నాలుగేళ్లకు ‘ఇది నా వల్ల కాదు’ అని తెలిస్తే చేతిలో డిగ్రీ కూడా ఉండదు. రోరీ మెకిల్‌రాయ్ పద్దెనిమిదేళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడని మనకు తెలుసు. అదే వయసులో ఆ దారిలో వెళ్లి వెనక్కి వచ్చినవాళ్ల పేర్లు మనకు తెలియవు. గెలిచినవాళ్లను మాత్రమే చూసి దారి ఎంచుకోవడం మనం కెరీర్ విషయంలోనూ చేసే పొరపాటే.

తమకు లేనిది వెతుక్కున్నవాళ్లు

ఇక్కడే అసలు మలుపు. రెండు పద్ధతుల్లో ఏది మేలని వాదించుకునే లోపే, తెలివైన ఆటగాళ్లు అవతలి పద్ధతిలోని సగాన్ని తెచ్చుకుంటున్నారు.

అమెరికాకు చెందిన బ్రూక్స్ కెప్కా ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఆడాడు. 2012లో ప్రొఫెషనల్‌గా మారాక సొంత దేశంలో టూర్ కార్డు దొరకలేదు. ఇంట్లో కూర్చోకుండా యూరప్‌లో రెండో శ్రేణి అయిన చాలెంజ్ టూర్‌కు వెళ్లాడు. ఊరూరూ తిరిగాడు. ఇంటి మీద బెంగతో వెనక్కి వెళ్లిపోదామనుకున్న రోజులూ ఉన్నాయని తర్వాత చెప్పుకొన్నాడు. 2013లో అక్కడే మూడు టైటిళ్లు గెలిచి పై టూర్‌కు ఎదిగాడు. ఆ తర్వాత అతని ఖాతాలో చేరిన మేజర్ టైటిళ్లు ఐదు.

స్వీడన్‌కు చెందిన లుడ్విగ్ ఓబెరి దీనికి ఎదురు దిక్కున నడిచాడు. అమెరికా వెళ్లి టెక్సస్ టెక్ యూనివర్సిటీలో చేరాడు. 2023లో ఆ ర్యాంకింగ్‌లో మొదటి స్థానంతో నేరుగా పీజీఏ టూర్ కార్డు పొందిన తొలి ఆటగాడయ్యాడు. అదే ఏడాది యూరప్ తరఫున రైడర్ కప్ ఆడాడు. స్పెయిన్ నుంచి జాన్ రామ్, నార్వే నుంచి విక్టర్ హోవ్లాండ్ కూడా అమెరికా కాలేజీల్లో ఆడినవాళ్లే. అంటే న్యూయార్క్‌లో గెలిచిన ‘యూరప్’ జట్టులో అమెరికా క్లాస్‌రూమ్ వాటా కూడా ఉంది!

మరో కథ స్వీడన్ దిగ్గజం అనికా సోరెన్‌స్టామ్‌ది. చిన్నప్పుడు ఆమెకు నలుగురిలో మాట్లాడాలంటే భయం. గెలిస్తే ప్రసంగించాలని, చివర్లో కావాలనే తప్పు దెబ్బలు కొట్టి రెండో స్థానంలో నిలిచేది. కోచ్‌లు అది కనిపెట్టారు. తర్వాతి టోర్నీలో రెండో స్థానం వచ్చినవాళ్లూ మాట్లాడాలన్నారు. ఇక తప్పించుకునే దారి లేక గెలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో చేరింది, ఎల్‌పీజీఏ టూర్‌లో 72 టైటిళ్లు గెలిచింది. ఆమెకు ఆట ఎప్పుడో వచ్చు. అడ్డుపడింది మైకు. గ్రూప్ డిస్కషన్‌లో జవాబు తెలిసి కూడా నోరు విప్పని మిత్రులు మీ క్లాసులో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కేసుకోండి.

సీట్లు తగ్గుతున్న వేళ

ఈ చర్చకు ఇప్పుడే పదును రావడానికి కారణముంది. 2026 నుంచి పీజీఏ టూర్‌లో పూర్తి హక్కు నిలబెట్టుకునేవారి సంఖ్యను 125 నుంచి 100కు కుదించారు. కార్న్ ఫెర్రీ టూర్ నుంచి పైకి వచ్చే కార్డులు 30 నుంచి 20కి పడిపోయాయి. డీపీ వరల్డ్ టూర్‌లో రాణించిన పదిమందికి మాత్రం ఏటా అమెరికా కార్డు దక్కుతోంది. దగ్గరి దారి ఇరుకైనప్పుడు దూరపు దారికి విలువ పెరుగుతుంది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తగ్గితే ఆఫ్ క్యాంపస్ ప్రయత్నాలు పెరిగినట్టే ఇదీ.

అందరికీ ఒకే సూత్రం వర్తిస్తుందా అంటే, లేదు. భారతీయ మూలాలున్న అమెరికన్ అక్షయ్ భాటియా కాలేజీ జోలికే పోకుండా 2019లో పదిహేడేళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు. మొదట్లో వరుసగా కట్ దగ్గరే ఆగిపోయాడు. తట్టుకుని నిలబడి 2023లో, 2024లో పీజీఏ టూర్ టైటిళ్లు గెలిచాడు. సాహిత్‌ది ఒక దారి, అక్షయ్‌ది ఇంకో దారి. ఇద్దరూ ఒకే టూర్‌కు చేరారు. తేడా అంతా ఎదురుదెబ్బ తగిలినప్పుడు ఆదుకునేది ఎవరు, ఖర్చు ఎవరు భరిస్తారు అన్నదాంట్లో ఉంది. ఇంటి నుంచి రెండు మూడేళ్లు ఆసరా లేనివాళ్లు అక్షయ్‌ని చూసి చదువు మానేయడం సాహసం కాదు, తొందరపాటు.

మీరేం చూసుకోవాలి?

సర్టిఫికెట్లు పోగేస్తేనే ‘ఆల్‌రౌండర్’ అవుతామనుకోకండి. ముందు మీది ఏ పద్ధతో గుర్తించండి. మార్కులు బాగుండి, ఊరు, కాలేజీ, హాస్టల్ దాటి చూడనివారైతే మీకు కావాల్సింది ఇంకో ఆన్‌లైన్ కోర్సు కాదు. తెలియని ఊళ్లో, తెలియని మనుషుల మధ్య రెండు నెలల ఇంటర్న్‌షిప్. జీతం తక్కువైనా సరే, కెప్కాకు చాలెంజ్ టూర్ నేర్పింది మీకు అది నేర్పుతుంది.

అలాకాక ఇప్పటికే పార్ట్‌టైమ్ పనులు చేస్తూ, నాలుగు చోట్ల తిరిగి పని మెలకువలు నేర్చినవారైతే మిగిలిన సబ్జెక్టులు పూర్తి చేయండి. సాహిత్‌కు గాయమైన ఏడాది యూనివర్సిటీ అండగా నిలిచినట్టు, రేపు ఉద్యోగం ఊడినప్పుడు ఆ డిగ్రీ మిమ్మల్ని నిలబెడుతుంది.

ఇక మూడోది, ఇద్దరికీ వర్తించేది. మీరు ఒంటరిగా బాగా చేస్తారా, జోడీలో బాగా చేస్తారా? ప్రపంచ నంబర్ వన్‌కే ఇందులో తేడా కనిపించింది. ప్రాజెక్టులో మీ పక్కనున్నవారిని నిజాయతీగా అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూలో ‘మీ బలహీనత ఏంటి?’ అన్న ప్రశ్నకు బట్టీ పట్టిన జవాబు కన్నా అదే మేలు. వచ్చే వారం క్లాసులో సెమినార్ ఉంటే, పేరు పిలిచేదాకా ఆగకుండా మీరే ముందు లేవండి.