రసీదు లేని అప్పగింత



షిఫ్టు మారేటప్పుడు స్టేషను మాస్టరు ఏ బండి ఏ లైనులో నిలిచి ఉన్నదో, ఏ పాయింటు చెడి ఉన్నదో డైరీలో వ్రాసి, తాను సంతకం చేసి, డ్యూటీకి వచ్చినవారి సంతకం తీసుకొన్న తరువాతనే ఇంటిదారి పడతాడు. తపాలా సంచి చేతులు మారినప్పుడు ఆర్.ఎం.ఎస్. సార్టరు సీలు చూస్తాడు, లేబులు చూస్తాడు, జాబితాతో సరిచూసుకొంటాడు. సీలు పగిలి ఉంటే అప్పటికప్పుడే వ్రాతపూర్వకంగా నమోదు చేస్తాడు. రిజిస్టర్డు తపాలా 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినది గాని, రసీదు లేనిదే వస్తువు చేతులు మారరాదన్న నియమం మన చేతివేళ్లలో నేటికీ జీర్ణించి ఉన్నది. అట్టి మనమే ఆరేళ్ల బిడ్డను ప్రతి ఉదయం బడికి అప్పగించి సాయంత్రం తిరిగి తెచ్చుకొంటున్నాం. నడుమ గడిచిన గంటలలో ఆ బిడ్డ ఎవరి పక్కన కూర్చున్నాడో, ఏ ప్రశ్న అడిగాడో, ఎందుకు ఏడ్చాడో తెలిపే ఒక్క వాక్యమైనా మన చేతికి రావడం లేదు. మనమూ అడగడం లేదు.

ఇది బడివారి దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన విషయం కాదు. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం తన 24వ సెక్షనులో ఉపాధ్యాయుని విధులను పేర్కొన్నది. తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశాలు జరపాలనీ, బిడ్డ హాజరు, నేర్చుకోగల శక్తి, సాధించిన ప్రగతి, బిడ్డకు సంబంధించిన ఇతర విషయాలు వారికి తెలియజేయాలనీ ఆదేశించినది. ఆ ‘ఇతర విషయాలు’ అన్న మాటలోనే తరగతి గది జీవితమంతా ఇమిడి ఉన్నది. అదే చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య సంఘంలో కనీసం 75 శాతం తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. కాని ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు పాఠశాలలను ఈ సెక్షను నుండి మినహాయించారు. ఫీజు చెల్లించే తల్లిదండ్రికి బడి నిర్వహణలో ఈ సెక్షను కుర్చీ కల్పించలేదు. మనలో అత్యధికులు తమ పిల్లలను పంపుతున్నది ఈ మినహాయింపు పొందిన బడులకే!

మా మిత్రుడొకరు లోకో పైలటు. ఆయన కుమారుడు మూడవ తరగతి. మొదటి పరీక్షలో గణితానికి 64 మార్కులు, రెండవ పరీక్షలో 41. ప్రగతి పత్రంలో ఆ అంకెకు ఎదురుగా ‘అశ్రద్ధ’ అన్న ఒకే ఒక్క మాట. ఆ మాటను నమ్మి ఇంట్లో చీవాట్లు పెట్టారు. ఒకనాడు దెబ్బలు కూడా పడ్డాయి. అసలు సంగతి తరువాత బయటపడినది. బడి తెరిచిన నెలలోనే ఎత్తు ప్రకారం కూర్చోబెడుతూ పిల్లవాణ్ణి చివరి బల్లకు మార్చారు. అక్కడినుండి బోర్డు మీది అక్షరాలు వానికి కనబడడం లేదు. పక్కవాని పుస్తకం చూసి వ్రాసుకొంటున్నాడు. అందుకు తరగతిలో వానికి ‘కాపీరాయుడు’ అన్న పేరు స్థిరపడినది. ఈ సంగతి టీచరుకు తెలుసు, ఆయాకు తెలుసు, నలభైమంది పిల్లలకు తెలుసు. తండ్రికి తెలియదు. దూరాన ఉన్న సిగ్నలు రంగును గుర్తించగలడో లేడో అని ఆ తండ్రి కళ్లను రైల్వే వైద్యులు నిర్ణీత కాలానికొకసారి పరీక్షిస్తారు. అందులో నెగ్గనిదే ఇంజను ఎక్కనివ్వరు. ఆయన బిడ్డకు తరగతి గదిలోని బోర్డు కనబడడం లేదన్న వార్త ఆయనకు చేరడానికి నాలుగు నెలలు పట్టినది. అదైనా బడి చెప్పినది కాదు, పక్కింటి అమ్మాయి ఆటల మధ్య నోరు జారి అన్నది.

బడినుండి మనకు వర్తమానాలు రావడం లేదని ఎవరనగలరు? రోజూ ఫోను మోగుతూనే ఉంటుంది. ఫీజు గడువు, బస్సు ఆలస్యం, రేపు పసుపు రంగు దుస్తులలో రావలెనన్న ఆజ్ఞ! బిడ్డను గురించి మాత్రం ఏదైనా తప్పు దొరికినప్పుడే కబురు వస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది చార్జిషీటు. తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన జపాను పుస్తకాన్ని పాత రైలుపెట్టెలలో నడిచిన బడి కథగా మనలో కొందరైనా చదివి ఉంటారు. అందులోని బాలికను మొదటి బడి టీచరు, బల్ల మూత మాటిమాటికీ తెరిచి మూస్తున్నదనీ, కిటికీ వద్ద నిలబడుతున్నదనీ తల్లికి ఏకరువు పెట్టి బడినుండి పంపివేస్తుంది. రెండవ బడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి అదే బాలిక చెప్పే కబుర్లను నాలుగు గంటలసేపు కూర్చొని వింటాడు. ఆమె మాటలలోనే ఆమెను తెలుసుకొంటాడు. మొదటి టీచరు కూడా తల్లికి సమాచారం ఇచ్చినదే! కాని అది బిడ్డను వదిలించుకొనడానికి ఇచ్చిన సమాచారం.

ఇక సమావేశాల సంగతి. శనివారం ఉదయం పది గంటలకు రమ్మంటారు. ఆ వేళకు గ్యాంగ్‌మన్ సోదరుడు పట్టాల మీద ఉంటాడు. రాత్రి సెక్షను ముగించుకొన్న సార్టరు మరో ఊరి విశ్రాంతి గదిలో నిద్రపోతుంటాడు. గ్రామీణ డాక్ సేవకుడు సంచి భుజాన వేసుకొని రెండవ గ్రామం దారిలో ఉంటాడు. ఇంతమంది రాలేదు కనుక ‘తల్లిదండ్రులకు ఆసక్తి లేదు’ అని రిజిస్టరులో వ్రాసుకొంటారు! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2024 డిసెంబరు 7న ఒకేరోజున జరిపిన భారీ సమావేశం ఆహ్వానించదగినదే. కాని అదీ శనివారమే. పైగా ఏడాదికి ఒకటి రెండు రోజుల ఉత్సవం నెలనెలా జరగవలసిన సంభాషణకు బదులు కాజాలదు.

భాష మరొక అడ్డుగోడ. ఖరగ్‌పూర్‌లోనో నాగపూర్‌లోనో పనిచేసే తెలుగు ఉద్యోగి ఇంటికి కాగితం ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. ఎదిగిన కూతురు ఉంటే చదివి చెబుతుంది. లేకుంటే సంతకం చేసి పంపివేయడమే. నేరం మోపబడిన పిల్లవాడే తన చార్జిషీటుకు దుబాసీ అయిన ఇళ్లు కూడా ఉన్నవి. అతడు ఏమని అనువదిస్తాడో ఊహించుకొనండి.

మన యాజమాన్యాల వైఖరి కూడా ఇందుకు తీసిపోలేదు. ఆరవ వేతన సంఘం తరువాత 2008 నుండి అమలులో ఉన్న శిశు సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులు. బిడ్డల చదువు నిమిత్తం కూడా దానిని వాడుకోవచ్చు. మహిళా ఉద్యోగులకు అది లభించడం న్యాయమే. ఆ తరువాత ఒంటరి తండ్రులకూ వర్తింపజేశారు. భార్య ఉన్న తండ్రికి మాత్రం బిడ్డ చదువుతో ప్రమేయం లేదని ఆ నిబంధన భావం కాబోలు. గ్రామీణ డాక్ సేవకులను సాధారణ ప్రభుత్వోద్యోగుల కోవలోనే చేర్చలేదు గనుక వారి విషయంలో ఈ చర్చకే తావు లేకుండా పోయినది.

ఇదంతా ఉపాధ్యాయునిపై దండయాత్ర అని ఎవరూ భావించరాదు. ఆయన కూడా మనవలెనే పనిభారం క్రింద నలుగుతున్న ఉద్యోగి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర బోధనేతర పనులకు వినియోగించరాదని 27వ సెక్షను చెబుతున్నా, భోజనం లెక్కలూ హాజరు ఫొటోలూ ఫోనులోనికి ఎక్కించడంతోనే ఆయనకు సగం పూట గడుస్తున్నది. పై అధికారికి దినదినమూ నివేదిక పంపే తీరిక కల్పించిన వ్యవస్థ, తల్లికి నెలకొక ఉత్తరం వ్రాసే తీరిక కల్పించలేదు. ప్రైవేటు బడి టీచరు స్థితి ఇంకా దయనీయం. నిజం చెబితే యాజమాన్యానికి కోపం, చెప్పకుంటే తల్లిదండ్రులకు కోపం.

మన తప్పు కూడా ఒప్పుకొందాం. డ్యూటీ దిగి ఇల్లు చేరగానే బిడ్డను మనం అడిగే ప్రశ్న ‘ఎన్ని మార్కులు?’ అన్నదే. బడి కూడా మన ప్రశ్నకే సమాధానం పంపుతున్నది.

కనుక నెలకొకసారి ప్రతి బిడ్డను గురించి, ఇంట్లో చదవగలిగిన భాషలో, నాలుగైదు వాక్యాలు బడి వ్రాసి పంపాలని మనం కోరాలి. మార్కులు కాదు, ఎక్కడ కూర్చుంటున్నాడు, ఎవరితో స్నేహం, దేనికి ఉత్సాహపడుతున్నాడు, దేనికి జంకుతున్నాడు అన్నవి కావాలి. సమావేశాలు రెండు విడతలుగా, ఉదయమొకటి సాయంత్రమొకటి జరపాలి. వాటికి హాజరయ్యే తండ్రికైనా తల్లికైనా సగం రోజు అనుమతి ఇవ్వాలని రెండు శాఖల యాజమాన్యాలనూ డిమాండు చేయాలి. అది సాధించేవరకు ఊరకుండనవసరం లేదు. పెళ్లికీ చావుకూ ఒకరి డ్యూటీ ఒకరు చేసిపెట్టుకొంటున్న మనం ఈ పూటకు చేసిపెట్టుకోలేమా? సమావేశపు తేదీలను శాఖా కార్యదర్శులు విద్యాసంవత్సరం మొదటనే బడుల నుండి సేకరించి, లింకులు వేసే క్రూ కంట్రోలరుకూ, సార్టింగు కార్యాలయంలో డ్యూటీ చార్టు వేసే పర్యవేక్షకునికీ ముందుగా వ్రాతపూర్వకంగా అందజేయాలి. అందజేసినట్లు సంతకం కూడా తీసుకోవాలి.