మక్కచేనికి కావలి

రామాయణంలోని మధువన ఘట్టం వినగానే మనకు నవ్వు వస్తుంది. సీత జాడ తెలిసిన ఆనందంలో వానరులు సుగ్రీవుని తోటలో చొరబడి, తేనె తాగి, కొమ్మలు విరిచి, అడ్డువచ్చిన కావలివారిని తరిమికొట్టారు. తోట కాపరి దధిముఖుడు పరుగున పోయి రాజుతో మొరపెట్టుకొన్నాడు. కార్యం సఫలమైనందువల్లనే ఈ ఆగడమని గ్రహించి సుగ్రీవుడు సంతోషించాడే కాని కోపగించలేదు. దధిముఖుని పక్షాన నిలిచి ఆ కథను చదివినవారు అరుదు. నేడు తెలంగాణలో అడవి అంచు పల్లెల రైతుది ఆ కాపరి స్థితియే. అతని మొర వెనుక శుభవార్త మాత్రం లేదు.

కోతి తినేదానికంటె పాడుచేసేది ఎక్కువ. లేత మక్కకంకిని విరిచి, రెండు కొరుకులు కొరికి పారవేసి, మరొకదానిని అందుకొంటుంది. వేరుశనగ మొక్కను వేళ్లతో సహా పెకలిస్తుంది. బుగ్గలలోని సంచుల నిండా గింజలు కుక్కుకొని, చెట్టెక్కి తీరికగా నములుతుంది. ఈ బాధ పడలేక ఎందరో రైతులు మక్క, వేరుశనగ, కూరగాయలు మాని, కోతి ముట్టని పత్తికి మరలారు. పెరటిలో కాచే బీరకాయను సైతం అంగడిలో కొనవలసిన రోజులు వచ్చాయి. పోయిన పంటకు పరిహారం అడగవచ్చు. భయపడి వేయని పంటకు ఎవరిని అడగాలి?

కోతులు అడవిని విడిచి వచ్చాయని నిందించడం సులభం. తునికి, మొర్రి, నేరేడు, మేడి తరిగిపోయి టేకు వనాలు పెరిగినచోట వాటికి తిండి ఎక్కడిది? రహదారుల విస్తరణలో మర్రి, రావి చెట్లు కూలిపోయాయి. ఇక మన దానగుణం ఒకటి! శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు ఆపి అరటిపండ్లు విసిరేవారు పుణ్యం కట్టుకొన్నామనుకొంటారు. మనిషి చేతి తిండికి అలవడిన కోతి మనిషి చేనుకు జంకదు. ఆ పుణ్యానికి మూల్యం చెల్లించేది రైతు.

2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు తిరిగి రావాలి, కోతులు అడవికి తిరిగిపోవాలి అన్నారు. 2020 డిసెంబరులో నిర్మల్ వద్ద కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం వెలిసింది. అక్కడ కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేస్తారు. మార్గం సరియైనదే కాని, ఒక్క కేంద్రం ఏపాటి? హిమాచల్ ప్రదేశ్‌లో లక్షకు పైగా కోతులకు ఈ చికిత్స జరిగినా రైతుల ఫిర్యాదులు ఆగలేదు. పట్టి పొరుగూరి అడవిలో వదలడం బాధను చేతులు మార్చడమే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ రీసస్ కోతిని రక్షిత జాబితాల నుండి తొలగించింది. అయినా హనుమంతుని కొలిచే పల్లె దానిపై ఆయుధమెత్తదు. ఎత్తాలని నేనూ కోరను.

మండలానికొక చికిత్సా కేంద్రం కావాలి. అడవిలో టేకుకు బదులు పండ్ల చెట్లు నాటాలి. ఇవి ఫలించడానికి ఏండ్లు పడుతుంది. అంతవరకు పంట కావలికి ప్రభుత్వమే కూలి చెల్లించడం న్యాయం. ఇప్పుడు ఆ పని ఇంటి ముసలివారిది, బడి మానిన పిల్లలది. తెల్లవారకముందే మంచె ఎక్కి, డబ్బా మోగిస్తూ, ఉండేలు పట్టుకొని పొద్దుగూకేదాకా కూర్చొనే ఆ మనుషుల శ్రమను రైతు కూడా తన పెట్టుబడి లెక్కలో వేసుకోవడం లేదు.